నల్లకుండీలో బనీను

వంటింటి వెనక బాల్కనీ, కింద వీధి. రెండు పూలకుండీలు, ఒక పాత గరిటె. అత్తగారు పీట మీద, కోడలు నేల మీద.

"మీ అబ్బాయిని మీరు వెనక్కి తీసేసుకోండి అత్తయ్యా. పెద్దగా అరగలేదు, భాగాలన్నీ ఉన్నాయి. మెదడైతే కొత్తదే, సీలు కూడా విప్పలేదు."

"ఇన్నేళ్ళు వాడుకుని ఇప్పుడు వెనక్కిస్తానంటే ఏ కొట్టువాడు తీసుకుంటాడే? ముందు ఆ కుండీ తవ్వు."

"తవ్వుతున్నాను. అది సరే గానీ, ఈ ఎండలో ఆ దుప్పటేంటి? మెడదాకా కప్పుకున్నారు."

"చలిగా ఉంది."

"చెమటలు కారుతున్నాయి మీకు."

"చలిచెమటలు. పడుకున్నదాన్ని లేపి, 'రండి రండి, కుండీలు తవ్వేద్దాం' అని గావుకేకలు పెడితే ఎవరికైనా వస్తాయి. చీర కూడా సరిగ్గా చుట్టుకోనివ్వలేదు."

"ఆయన స్నానం ముగించేలోపు చూసేయాలి కదా! ఒక్క బకెట్టు స్నానానికి గంట పడుతుంది మీ అబ్బాయికి. నీళ్ళ ఆఫీసులో ఉద్యోగమైతే మాత్రం, చెంబు చెంబుకీ క్షమాపణ చెప్పుకోవాలా?"

"వాడి సంగతి వదిలేయ్. పందెం ఏమిటో మళ్ళీ ఒకసారి చెప్పు."

"మర్చిపోయారా? మధ్యవర్తి మీరే!"

"మధ్యవర్తికి రెండువైపులా వినీ వినీ చెవులు పోతాయి. చెప్పు."

"నల్లకుండీలో ఆయన వెదురు బనీను. ఎర్రకుండీలో నా పాత నూలు లంగా ముక్క. ఏది ముందు మట్టిలో కలిసిపోతే అది గెలిచినట్టు. లంగా గెలిస్తే మన పాత నూలు చీరల మూట ఇంట్లోనే ఉంటుంది, పుట్టబోయే పసిదానికి పక్కబట్టలవుతుంది. బనీను గెలిస్తే ఆ మూట ఇవాళే పాతబట్టల వ్యాను ఎక్కుతుంది. పసిదానికి నెత్తి మీంచి అరికాలిదాకా వెదురే."

"ఆ మూటలో సగం నా చీరలే."

"సగానికి పైనే. మీ అబ్బాయిని చుట్టి పెంచిన చీర కూడా అందులోనే ఉంది. ఆ నీలంది."

"అది నీలం కాదే, ఆకుపచ్చ. వాడు తడిపీ తడిపీ నీలమైంది."

"అదీ ఆయన పర్యావరణానికి చేసిన సేవ."

"నవ్వించకు, దుప్పటి జారుతోంది. ఇంతకీ మన పిల్లేమంటోంది? మోసేది అదిగా."

"నెలలు నిండుతున్న మనిషని కూడా చూడకుండా ఫోన్లో ఇద్దరం తగులుకున్నాం. 'నువ్వూ నాన్నా తేల్చుకోండి, నాకు కాస్త నిద్ర పడితే చాలు' అంది."

"ఎవరి పోలికో, తెలివైంది."

"ఎవరి పోలికో ఏంటి? ఎదురుగా కూర్చున్నాను."

"తవ్వు, తవ్వు."

"అసలు ఇదంతా ఆ ఆఫీసులో ఎవరో ఉపన్యాసం ఇవ్వబట్టి. పొద్దున మనిషిగా వెళ్ళి సాయంత్రానికి వెదురై తిరిగొచ్చారు. బనీన్లు, మేజోళ్ళు, తువ్వాళ్ళు, దుప్పట్లు, ఆఖరికి పళ్ళు తోముకునే బ్రష్షు. వేణువు ఒక్కటే తక్కువ, అదీ రాత్రి గురకలో వాయిస్తున్నారు. ఆ బాధ పడలేకేగా నేను ముందుగదిలోకి మారింది!"

"వాడు చెప్పినదాంట్లో తప్పేముందే? వెదురుకి పురుగుమందు కొట్టక్కర్లేదు. పత్తి తాగినన్ని నీళ్ళు తాగదు. నరికితే వేరు నుంచి మళ్ళీ లేస్తుంది, కాబట్టి నేల దున్నే పని లేదు, మట్టి కొట్టుకుపోదు. పత్తికైతే ఏటా మొదటికే రావాలి."

"మీరు ఏ పక్షం అత్తయ్యా?"

"మధ్యవర్తినన్నానుగా. కాసేపు అటు, కాసేపు ఇటు."

"మొక్కగా ఉన్నంతసేపూ వెదురు మహాతల్లే. ఉన్న అడవి కొట్టేసి నాటకపోతే చాలు, నేనేం కాదనను. గొడవంతా ఫ్యాక్టరీ గేటు దాటాకే. మీరెప్పుడైనా వెదురు బొంగు పట్టుకున్నారా?"

"నిచ్చెన పట్టుకున్నాను. అరచేతిలో పేడు దిగింది."

"మరి అదే వెదురు బనీనయ్యేసరికి అంత మెత్తగా ఎలా అయింది? బుజ్జగించారా? జోల పాడారా?"

"నువ్వే చెప్పు. చెప్పకపోతే నీకు తోచదు."

"ముక్కలు కొట్టి కాస్టిక్ సోడాలో ఊరేస్తారు. సింకు గొట్టం పూడుకుపోతే పోస్తామే, అదే సోడా. ఆ తర్వాత కార్బన్ డైసల్ఫైడ్ అని ఒక మహానుభావుడు దిగుతాడు. కుళ్ళిన ముల్లంగి కంపు. అది గాలిలో కలిసిందంటే అక్కడ పనిచేసేవాళ్ళకి నరాలు పట్టుతప్పుతాయి, మతి చెడుతుంది. చివరికి తేనెలాంటి పాకం తయారవుతుంది. దాన్ని సన్నటి బెజ్జాల్లోంచి ఆసిడ్ తొట్టిలోకి పిండితే దారాలు. అప్పటికి అందులో వెదురు ఎంత మిగులుతుందంటే, మీ అబ్బాయిలో మీ పోలికంత."

"వాడి ముక్కు నాదే."

"ముక్కొక్కటే మిగిలింది. నేననేదీ అదే."

"ఇవన్నీ ఎక్కడ నేర్చావే?"

"డిగ్రీలో కెమిస్ట్రీ చదివానత్తయ్యా. మీ ఇంటికొచ్చాక కూరలో ఉప్పు చూడటానికే సరిపోయింది గానీ, బుర్రలో ఏదో మూల పడుంది. ఆ పాకం ఏ చెట్టుతోనైనా తీయొచ్చు. మన చిన్నప్పుడు రేయాన్ అనేవాళ్ళు చూడండి, అదే ఇది. పేరు మార్చుకుని, ఆకు బొమ్మ పెట్టుకుని తిరిగొచ్చింది."

"అన్ని ఫ్యాక్టరీలూ అంతేనా? మందుని బయటికి వదలకుండా పట్టి మళ్ళీ మళ్ళీ వాడే పద్ధతి ఒకటుందని మొన్న వాడు చెప్పాడే."

"ఉంది."

"ఉందా?"

"ఉందిలెండి. అందులో వాడే మందే వేరు, దాదాపు అంతా తిరిగి పట్టేస్తారు. అది మంచిదే."

"అయితే వాడి బనీను ఆ రకమేనేమో."

"అయ్యుండొచ్చు. కాకపోయుండొచ్చు. పెట్టె మీద ఆకు బొమ్మ ఉంది, జింకపిల్ల బొమ్మ ఉంది, ఆ ముక్క మాత్రం లేదు."

"అంటే నీకూ తెలీదన్నమాట."

"తవ్వనిస్తారా, లేదా?"

"తవ్వు. అన్నట్టు, నీ పుట్టినరోజుకి ఒక వెదురు నైటీ తెచ్చాడుగా. దాన్నేం చేశావ్?"

"ఏ నైటీ?"

"బూడిదరంగుది. మెడ దగ్గర తెల్ల అంచు."

"ఓ, అదా. గిన్నెలు తుడుస్తున్నాను."

"నాకెప్పుడూ కనపడలేదే?"

"మీరు వంటింట్లోకి ఎప్పుడొచ్చారు గనక?"

"ఒక్కసారైనా వేసుకున్నావా?"

"ఛీ ఛీ! ప్రాణం పోయినా వేసుకోను. ఇన్ని మాటలన్నాక ఏ ముఖం పెట్టుకుని వేసుకుంటాను?"

"నేనూ అంతే. దాన్ని ముట్టుకోవాలన్నా అసహ్యమే నాకు."

"మీకు ముట్టుకునే అవసరం ఎక్కడొచ్చింది?"

"రాలేదు. అదే, ముట్టుకోలేదంటున్నాను."

"అత్తయ్యా, ఒక మాట. ఈ మధ్య నా దిండుకి రోజూ మీ మోకాళ్ళ మందు వాసన వస్తోంది."

"గాలి అటు వీస్తోంది."

"ముందుగది కిటికీ మూసే ఉంటుంది."

"సందుల్లోంచి. ఏం కెమిస్ట్రీ చదివావే, గాలికి సందు చాలని తెలీదా? ముందు ఎర్రకుండీ కానీయ్... అబ్బ, ఏంటే ఈ కంపు?"

"మట్టి వాసన."

"మట్టి పుల్లగా ఉండదే. దీంట్లో మజ్జిగ పోశావు నువ్వు!"

"కొంచెం."

"పందెంలో మోసం!"

"మోసం కాదు, పోషణ. మట్టిలో సూక్ష్మజీవులు బతకొద్దూ? అవి బతికితేనే కదా గుడ్డ కుళ్ళేది!"

"ఎన్నిసార్లు పోశావు?"

"మజ్జిగ మిగిలినప్పుడల్లా."

"మా ఇంట్లో మజ్జిగ ఎప్పుడు మిగిలిందే? అందుకా ఈ మధ్య నా గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో నా ముఖం కనపడుతోంది! తప్పు కదుటే?"

"మీ ఇంట్లో ఆ మాట వాడతారని నాకు తెలీదే! తప్పు ఒప్పుకున్న మనిషిని ఇంతవరకూ చూడలేదు ఇక్కడ. మామయ్యగారు రైలు తప్పిపోతే కూడా రైలుదే తప్పనేవారు."

"అది ముందే వెళ్ళిపోయింది మరి. నువ్వు ఒప్పుకున్నావేంటి ఎప్పుడైనా?"

"నేను తప్పు చేస్తేగా! ఇదిగో, లంగా ముక్క దొరికింది. చూశారా... చూశారా, చిల్లులు! జల్లెడ అయిపోయింది."

"ఏదీ, లాగు. ఇంకొంచెం లాగు. గట్టిగానే ఉందే! ఉతికితే ఇంకో ఏడాది గిన్నెలు తుడుచుకోవచ్చు."

"అప్పటి నేత అత్తయ్యా. ఊరికే పోతుందా?"

"మురిసిపోకు. పందెం కుళ్ళడానికి. నల్లకుండీ తవ్వు."

"తవ్వుతున్నా. ఏదీ... లేదే."

"లోపల చూడు."

"లోపలే చూస్తున్నా. దారం... చంక కుట్టు ఇదీ... ఇది మెడ కుట్టు. అత్తయ్యా, ఒళ్ళు లేదు. ఎముకలే మిగిలాయి."

"నా కొడుకు బనీను గురించి అలా అనకు."

"అబ్బ, నిజంగానే! చిన్న పీలిక కూడా లేదు, మొత్తం మట్టైపోయింది. ఉండండి, ఇక్కడేదో మెరుస్తోంది. చీటీ! మెడ వెనక కుట్టే చీటీ. చెక్కు చెదరలేదు."

"ఏం రాసుంది?"

"'నూరు శాతం ప్రకృతి.'"

"బనీను పోయి ఆ మాట మిగిలిందా?"

"చీటీ పాలిస్టరు. కుట్టు దారమూ పాలిస్టరే. భూమి బనీనంతా తినేసి ఆ ఒక్క మాటా ఉమ్మేసింది."

"కింద ఇంకేదో ఉంది, చిన్న అక్షరాల్లో. అది కూడా చదువు."

"'బ్యాక్టీరియా దరి చేరదు.'"

"దరి చేరకపోతే మరి ఇదెలా కుళ్ళిందే?"

"అత్తయ్యా! డిగ్రీకి నా బదులు మిమ్మల్ని పంపాల్సింది."

"పంపితే వెళ్ళేదాన్ని. అయితే వాడే గెలిచాడన్నమాట. రెండు నెలలు నా మజ్జిగ తాగి కూడా ఓడిపోయింది నీ లంగా."

"గెలుపు లేదు, గిలుపు లేదు. ఇటు వినండి. ఈ చీటీ తీసుకెళ్ళి ఎర్రకుండీలో పెడదాం. లంగా ముక్కనీ అక్కడే ఉంచి అదే బనీనందాం, ఖాళీ నల్లకుండీ నాదందాం. ఎర్రదే ఆయనదని, మీరే రంగు పొరపాటు పడ్డారని..."

"మధ్యవర్తి ముందే?"

"మధ్యవర్తి కాసేపు కళ్ళు మూసుకోవచ్చు."

"ఒక్క లంగా ముక్క కోసం ఇంత దిగజారుతావే నువ్వు?"

"లంగా ముక్క కోసం కాదు. నవ్వకండి అత్తయ్యా. ఆ మూట పోతే నాకు నిజంగానే... మన పిల్ల పుట్టినప్పుడు ఆ చీరల్లోనేగా చుట్టి నా చేతిలో పెట్టారు మీరు! ఉతికి ఉతికి వెన్నైపోయిన గుడ్డ. దానికి ఇంకో చుక్క మందు అక్కర్లేదు, ఇంకో మొక్క నరకక్కర్లేదు. తాగిన నీళ్ళు ఎప్పుడో తాగేసింది. ఇప్పుడు దాన్ని గెంటేసి కొత్తది కొంటే, అది వెదురైతేనేం, వెండైతేనేం? ఇంట్లో ఉన్నదాన్ని మించిన పచ్చదనం ఎక్కడుంటుంది?"

"ఈ మాట వాడితో అన్నావా?"

"అనలేదు."

"ఎందుకని?"

"మేం పోట్లాడుకునేటప్పుడు అసలు సంగతి ఎప్పుడు మాట్లాడుకున్నాం గనక? ఆయన వెదురన్నారు, నేను విషమన్నాను. ఆయన మొండిదానివన్నారు, నేను పందెమన్నాను. అంతే."

"అమ్మా! వ్యాను వచ్చేసింది! కింద హారన్ కొడుతున్నాడు! మూట ఎక్కడ?"

"అయ్యయ్యో, హాల్లోకి వచ్చేశారు. అత్తయ్యా, మాట్లాడకండి."

"అమ్మా! కుండీలు తవ్వారా? ఏమోయ్, ఎవరు గెలిచారు?"

"ఇంకా తవ్వుతున్నామండీ! మట్టి గట్టిగా ఉంది! ఇటు రాకండి, కాళ్ళకి బురద!"

"నువ్వే గెలిచావు నాయనా! మూట నా గది తలుపు వెనక ఉంది, పట్టుకెళ్ళు!"

"అత్తయ్యా!"

"అలాగేనమ్మా! చూశావా ఏమోయ్, సైన్సంటే అదీ! నేను కిందికెళ్ళి ఇచ్చేసొస్తా!"

"ఎంత పని చేశారు అత్తయ్యా! కాసేపు అటు, కాసేపు ఇటు అంటే ఇదా? పక్కనే కూర్చుని, నా చేతే తవ్వించి, నన్నే పూడ్చారే! మీ నీలం చీర కూడా పోతోంది, అదైనా తోచిందా మీకు?"

"అరవకు. ఆ మూట కట్టిందెవరు?"

"మీరే. పొద్దున."

"కట్టాక విప్పి చూశావా?"

"ఎందుకు చూస్తాను? చూస్తే ఏడుపొస్తుందని అటు వెళ్ళనే లేదు."

"మంచి పని చేశావు. పాత చీరలన్నీ నా మంచం కింద ఉన్నాయి."

"ఆఁ?"

"మూటలో ఉన్నవి వాడి వెదురువి. బనీన్లు, మేజోళ్ళు, తువ్వాళ్ళు, దుప్పట్లు. బ్రష్షు మాత్రం ఉంచాను, పళ్ళు తోముకోవాలి కదా పాపం."

"అత్తయ్యా! మీరు... మీరు మామూలు మనిషి కాదు! రండి ఇటు, ఒకసారి కౌగిలించుకోనివ్వండి. ముందు ఆ దుప్పటి తీయండి!"

"దుప్పటి జోలికి రాకు! చలన్నానా?"

"సరే, సరే. అబ్బ, ఎంత హాయిగా ఉందో! వెదురు పీడ మొత్తం విరగడైంది. మొత్తం వేసేశారు కదూ?"

"కనపడ్డదల్లా వేశాను."

"కనపడ్డదల్లా అంటే... ఆయన గదిలోవే కదా?"

"వేరే గదుల్లో వెదురువి ఏమున్నాయి?"

"ఏం లేవు. ఏం లేవనుకోండి. ఒక్క క్షణం ఉండండి, ఇప్పుడే వస్తా."

"ఎక్కడికే? చేతులకి మట్టి! ముందుగదిలోకి ఆ చేతుల్తో... వెళ్ళిపోయింది. ఇప్పుడేం గతి నాకు!"

"అత్తయ్యా! నా దిండు గలీబులో ఒకటుండాలి. లేదు!"

"ఏం ఉండాలి?"

"ఒక గుడ్డ."

"ఏం గుడ్డ?"

"గిన్నెలు తుడిచే గుడ్డ."

"గిన్నెలు తుడిచే గుడ్డ దిండు గలీబులో పెట్టుకుంటావా?"

"ఎలకలు కొరుకుతాయని. అది కూడా మూటలో వేశారా? నిజం చెప్పండి."

"ఆఁ... వేసే ఉంటాను. వయసు మీద పడింది, ఏం తీస్తున్నానో ఏం వేస్తున్నానో..."

"పోతే పోయింది. గుడ్డేగా."

"గుడ్డే."

"ఇంకో పాత గుడ్డతో తుడుచుకుంటాను."

"అంతేగా మరి. అదిగో, కింద వ్యాను తలుపు తీస్తున్నారు."

"తీయనివ్వండి."

"మావాడు మూట ఎత్తుతున్నాడు."

"ఎత్తనివ్వండి... అత్తయ్యా, అది లేకపోతే నాకు నిద్ర పట్టదు!"

"గిన్నెల గుడ్డ లేకపోతేనా?"

"రాత్రిళ్ళు ఒంట్లో ఎవరో పొయ్యి వెలిగించినట్టుంటుంది ఈ మధ్య. నూలుది వేసుకుంటే తడిసి ముద్దై వీపుకి అతుక్కుంటోంది. అదొక్కటే చల్లగా... ఏమండీ! ఏమండీ! మూట ఎక్కించకండి!"

"ఎందుకోయ్? పందెం నేనే గెలిచానుగా!"

"అందులో ఉన్నవి మీ వెదురు బట్టలు! మీ అమ్మగారు మార్చేశారు!"

"నా బట్టలా? అమ్మా, ఇదేం పని? అయితే పాత చీరలెక్కడున్నాయి?"

"మీ అమ్మగారి మంచం కింద! మీరు తడిపిన నీలం చీరతో సహా!"

"అది వీధిలో అరుస్తావేంటోయ్! ఆగాగు. ఆ చీర కూడా పాతబట్టల్లో ఉందా?"

"ఉంది! మొదటి నుంచీ ఉంది!"

"నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు, నేను చెప్పలేదు!"

"అది ఎవరికీ ఇవ్వొద్దు! ఆ మూట జోలికి నేను రాను, పసిదానికి అవే వాడండి. ఇవిగో, నావే ఇచ్చేస్తున్నాను. ఎవరో ఒకరు వేసుకుంటారు!"

"ఇవ్వొద్దండీ!"

"ఇదేంటోయ్, పీడ విరగడవుతుందన్నావుగా రోజూ!"

"అందులో నా నైటీ ఉంది!"

"గిన్నెలు తుడిచేదా?"

"ఒక్క గిన్నె తుడవలేదు! రోజూ రాత్రి వేసుకుంటున్నాను!"

"ఏంటీ? బండి చప్పుడుకి వినపడట్లేదు!"

"బండి ఆపే ఉందండీ!"

"అయినా వినపడట్లేదు! ఇంకోసారి!"

"మీ వెదురు నైటీ బాగుంది! చల్లగా ఉంది! ఫ్యాక్టరీ గురించి అన్న మాటల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోను, కానీ నైటీని తిట్టుకుంటూ రోజూ దాంట్లోనే పడుకున్నాను, అది తప్పే! నాదే తప్పు! చాలా?"

"చాలు చాలు! వ్యానాయన కూడా విన్నాడు! ఉండు, విప్పి చూస్తా... బనీన్లు... తువ్వాళ్ళు... ఏమోయ్, లేదే!"

"సరిగ్గా చూడండి! బూడిదరంగు! మెడకి తెల్ల అంచు!"

"అడుగుదాకా చూశాను! మేజోళ్ళు తప్ప ఏం లేవు! అమ్మనడుగు!"

"అత్తయ్యా, మూటలో లేదంట... అత్తయ్యా? ఎక్కడికి వెళ్తున్నారు?"

"దాహంగా ఉంది."

"కూర్చోండి, నేను తెస్తా. ఆ దుప్పటి ఇటివ్వండి."

"చలే."

"దుప్పటి కింద ఏముంది?"

"చీర."

"చీర కింద?"

"అత్తగారిని అడిగే మాటలేనా ఇవి?"

"మెడ దగ్గర ఆ తెల్ల అంచు ఏంటి అత్తయ్యా? నా దిండుకి మోకాళ్ళ మందు వాసన ఎందుకొస్తోంది అత్తయ్యా?"

"మధ్యాహ్నం నువ్వు బజారుకెళ్ళినప్పుడు కాసేపు. కాసేపే. నువ్వొచ్చేలోపు మడిచి మళ్ళీ గలీబులో పెట్టేస్తాను. ఇవాళ నువ్వు బజారు నుంచి వస్తూనే కేకేశావు, మార్చుకునే టైమేదీ?"

"'ముట్టుకోవాలన్నా అసహ్యం' అన్నారు!"

"'ప్రాణం పోయినా' అన్నావు నువ్వు!"

"నేను వీధంతా వినేలా ఒప్పుకున్నాను! మూటలో వేశానని నన్ను రెయిలింగు దాకా ఉరికించి, కూర్చుని తమాషా చూశారు మీరు!"

"అమ్మా! నైటీ దొరికిందా?"

"దొరికింది నాయనా!"

"ఎక్కడ?"

"చెప్పండి అత్తయ్యా. మీ అబ్బాయి అడుగుతున్నారు. గట్టిగా చెప్పండి, బండి చప్పుడుకి వినపడదు."

"నువ్వు చెప్పవే, నాకు గొంతు బాగాలేదు."

"నేను చెప్పను. ఈ ఇంట్లో ఆ మాట మొదటిసారి వినబోతున్నాను, నా చెవులకి నేనే అడ్డు రాను."

"అమ్మా! ఎక్కడ దొరికింది?"

"నా ఒంటి మీదే ఉందిరా! తప్పు నాదే! వింటున్నావా, తప్పు నాదే! అలాగని ఇంకోటి కొనుక్కురాకు, పగలు నాకూ రాత్రి దానికీ ఇదొక్కటి చాలు!"